తెస్ఫాయె కోసం ఒక జొన్న చేను

గుంటూరులో నాతో పనిచేసేవారిలో పల్నాడు చూడనివారే ఎక్కువ. మిరపకాయ బస్తాలు అటునుంచి వస్తాయనీ, కోర్టు వాయిదాలకు మనుషులు అటునుంచి వస్తారనీ వారికి తెలుసు. అంతకు మించి తెలుసుకోవలసిన అవసరం వారికి కలగలేదు. నేను అక్కడ పుట్టినవాణ్ణి కావడంచేత నాకూ అది చూడవలసిన ప్రదేశంగా ఎన్నడూ తోచలేదు. గడచిన జ్యేష్ఠంలో ఒక పరదేశి విద్యార్థిని వెంటబెట్టుకొని నరసరావుపేట నుంచి దుర్గి దాకా వెళ్ళి వచ్చిన తరువాతనే ఆ దారిని గురించి వ్రాయదగినది కొంత ఉందని అనిపించింది.

ఆ విద్యార్థి పేరు తెస్ఫాయె. ఇథియోపియా దేశస్థుడు. మా వ్యవసాయ కళాశాలలో పై చదువు చదవడానికి విద్యార్థివేతనం మీద వచ్చి ఏడాది దాటింది. మెట్ట పొలాల్లో జొన్న సాగు అతని విషయం. ఆ చదువు చివరి ఏట ఒక నియమం ఉంది. విద్యార్థి ఏదైనా పల్లెలో ఒక రైతు ఇచ్చిన అరెకరంలో, విత్తినది మొదలు కోత దాకా అక్కడే ఉండి పైరును పరిశీలించాలి. మన విద్యార్థులకు ఇది చిక్కు కాదు. మేనమామ పొలమో, మిత్రుని పొలమో దొరుకుతుంది. తెస్ఫాయెకు ఎవరూ ఇవ్వలేదు. తొలకరి పడేలోగా పొలమూ, తల దాచుకొనే చోటూ దొరకకపోతే పంటకాలం పోతుంది. పంటకాలం పోతే వేతనం ఆగుతుంది. వేతనం ఆగితే విమానం ఎక్కించి పంపేస్తారు. అతని దేశంలో కరువూ యుద్ధమూ కలిసి నడుస్తున్నాయి. చదువు సగంలో వదిలి తిరిగివచ్చిన వయసు కుర్రవాడి చేతికి అక్కడ అందేది తుపాకి. అతని అన్న అలాగే వెళ్ళాడు. ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో ఇంటివారికి తెలియదు.

నేను అదే కళాశాలలో పట్టా పుచ్చుకొని, అక్కడి క్షేత్రంలోనే తాత్కాలికోద్యోగంలో ఉన్నాను. మా వంశంలో కళాశాల గడప తొక్కినవారిలో నేనే మొదటివాణ్ణి. మా నాన్న నరసరావుపేట దగ్గర క్వారీలో రాయి కొడతాడు. "పల్నాటి రైతులు నీకు తెలిసినవాళ్ళే కదా" అని మా ఆచార్యులు ఈ పని నాకు అప్పగించారు. రాయి కొట్టేవాడి కొడుక్కి రైతులు తెలుసు. రైతులకు వాడు తెలుసా అన్నది వేరే ప్రశ్న. ఆ మాట ఆయనతో అనలేదు. తెస్ఫాయెతో నాకు అంతకు ముందు నమస్కారాల పరిచయమే ఉండేది.

నరసరావుపేట

బస్సు దిగగానే అతను కాఫీ కావాలన్నాడు. కాఫీ మొక్క తమ దేశంలోనే పుట్టిందని, ఇంటికి అతిథి వస్తే గింజలు అప్పటికప్పుడు వేయించి, దంచి, కాచి మూడు విడతలుగా పోస్తారని దారి పొడుగునా చెబుతూ వచ్చాడు. బస్టాండు ఎదుటి హోటల్లో ముప్పావలా కాఫీ, అంచుదాకా నురగతో, అతని ముందు పెట్టారు. ఒక గుక్క తాగి కొంతసేపు గ్లాసును చూశాడు.

"ఇదీ మంచి పానీయమే. దీని పేరేమిటి?" అన్నాడు ఇంగ్లీషులో.

"ఏందంటన్నాడు?" అని హోటలు యజమాని నన్ను అడిగాడు.

"బాగుందంటున్నారండి."

"బాగుంటది. చికోరీ మనం తక్కువేస్తాం. ఏ దేశం ఆయనది?"

"ఇథియోపియా అండి. ఆఫ్రికా ఖండం."

"ఆఫ్రికానా! మా బావమరిది కంటే తెల్లగానే ఉన్నాడే!"

పొయ్యి దగ్గర బోండాలు తీస్తున్న బావమరిది వెనుదిరగకుండానే జవాబు చెప్పాడు. "మా అక్కని నీ ఇంటికిచ్చినప్పుడు నేనూ తెల్లగానే ఉన్నా బావా. నీ పొయ్యి కాడ చేరినాక ఇట్టా అయ్యా."

తెస్ఫాయెకు అర్థం కాకపోయినా అందరితోపాటు నవ్వాడు. ఏడాదిలో అతను నేర్చుకొన్నది ముఖ్యంగా అది. హాస్టల్లో తొలి రోజుల సంగతులు అతను నాకు ఆ పూట చెప్పాడు. మనం అవునని తల అడ్డంగా ఊపుతాము కదా. భోజనశాలలో వడ్డించేవాణ్ణి కూర అడిగితే వాడు అలా ఊపేవాడట. లేదంటున్నాడనుకొని ఇతను లేచిపోయేవాడు. కూర తెచ్చినవాడు ఖాళీ పీటను చూసి తిట్టుకొనేవాడు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి నీళ్ళు పోసుకోవడం నేర్చేదాకా చొక్కా ఆరిన పూట లేదన్నాడు.

మా ఇంట్లో అమ్మ జొన్నరొట్టెలూ, పచ్చిమిరపకాయల నూరుడు కారమూ పెట్టింది. తమ దేశపు రొట్టె మన చామల కంటే సన్నని గింజతో చేస్తారని, పులియబెట్టడంచేత దానికి పులుపు ఉంటుందని, కారంలో మాత్రం మనకు వారు తీసిపోరని అతను చెప్పాడు. "ఇంకో రొట్టె వేయమంటావా బాబూ?" అని అమ్మ అడిగింది. అతను గబుక్కున ఊపిరి లోపలికి పీల్చాడు. అమ్మ కంగారుపడి చెంబు అందుకొంది.

"ఒరే కోటిగా, కారం నషాళానికంటిందిరా, నీళ్ళు తాగమను!"

అతను నీళ్ళు వద్దని, రొట్టె కోసం చేయి చాపాడు. వారి దేశంలో అవునని చెప్పడానికి ఊపిరి అలా లోపలికి పీలుస్తారట. తరువాత అమ్మ కావాలని ప్రతిదానికీ అడిగి, అతను ఊపిరి పీల్చిన ప్రతిసారీ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

నాన్న ఆ పూట క్వారీకి పోలేదు. తాను ప్రహరీ కట్టిన ఒక పెద్ద రైతు దగ్గరికి మమ్మల్ని తీసుకొనివెళ్ళాడు. ఆయన నవారు మంచం మీద పడుకొనే విన్నాడు.

"జొన్నా? ఒరేయ్ అంకయ్యా, పత్తి ఏయటానికి మనుషులు చాలక నేను చస్తంటే, అరెకరంలో జొన్న ఏయమంటావా? తినేవోడే లేడు, ఇంక ఏసేవోడెవడు?" తరువాత నా వైపు చూశాడు. "పదారేళ్ళు చదివి మళ్ళీ జొన్న కాడికే వచ్చావా? చదవకుండా ఉంటే అంత దూరం తిరిగే పని లేకపోను."

నాన్న తువ్వాలు భుజం మీద సర్దుకొని "వస్తాం దొరా" అన్నాడు. ఏమైందని తెస్ఫాయె అడగలేదు. కాదనడం ఏ భాషలోనైనా తెలుస్తుంది.

గురజాల

మరునాడు పిడుగురాళ్ళ మీదుగా గురజాల చేరాము. దారి పొడుగునా సున్నపుబట్టీల పొగ, తెల్లబడిన చెట్లు, దుక్కి అయి ఆకాశం వంక చూస్తున్న నల్లచేలు. పల్నాడులో చేనుకు కంచె కూడా రాయే. నాపరాతి పలకలు నిలువుగా పాతి గట్టు వేస్తారు. ఇళ్ళ పైకప్పులకూ, పశువుల తొట్లకూ అవే పలకలు. తెస్ఫాయె కిటికీలోంచి వాటిని చూస్తూ, "మా ఊళ్ళో ముళ్ళకంప వేస్తాము. ఆకలి వేసిన ఏడాది దానిని కూడా పొయ్యిలో పెట్టుకొన్నాము. రాయి అయితే మిగిలేది" అన్నాడు.

గురజాలలో నాకు ధైర్యం ఉండేది. అక్కడి రామకోటయ్య గారు మా కళాశాల క్షేత్రానికి విత్తనాల కోసం వచ్చినప్పుడు, "దానికేం, పంపండి" అని మాట ఇచ్చి ఉన్నారు. ఆయన మమ్మల్ని ఆదరించి మజ్జిగ ఇప్పించారు. కాని మేము కూర్చున్న కాసేపటికే పంచలో పదిమంది చేరారు. తెస్ఫాయె జుట్టును గురించి, పాస్‌పోర్టును గురించి, అతని దేవుణ్ణి గురించి ప్రశ్నలు సాగాయి. ఒకాయన, "ఈ దేశాలోళ్ళు చదువని చెప్పి వచ్చి మన డ్యాముల ఫోటోలు తీసి పంపుతారంట" అన్నాడు.

"నీ కాడ కెమేరా ఉందా?" అని మరొకరు అతని మొహం మీదే అడిగారు.

నేను వద్దని సైగ చేసేలోపల, ఆ సందడిలో మాట సరిగా వినపడక, మజ్జిగ ఇంకా కావాలా అని అడిగారనుకొని, అవునని చెప్పడానికి తెస్ఫాయె గబుక్కున ఊపిరి పీల్చాడు.

"చూశావా, ఎట్టా ఉలిక్కిపడ్డాడో!" అన్నారు వెనుకనుంచి.

అతను ఉలిక్కిపడలేదని, అది అంగీకార సూచకమని నేను వివరించాను. వివరించిన కొద్దీ విషయం పాడయింది. కెమేరా ఉందని అంగీకరించాడా అన్నారు. అతని సంచి విప్పి చూపించాను. రెండు చొక్కాలు, ఒక దుప్పటి, జొన్నను గురించిన పుస్తకాలు. ఎవరి అనుమానమూ తీరలేదు.

రామకోటయ్య గారు నన్ను పెరట్లోకి పిలిచారు. "కోటేశ్వర్రావూ, నేను మాటిచ్చిన సంగతి నిజమే. కానీ ఆయన ఇట్టా ఉంటాడని నువ్వు చెప్పలేదు."

"ఎలా ఉంటాడనుకొన్నారండి?"

"తెల్లోడనుకున్నా. తెల్లోడైతే ఊళ్ళో ఒక మర్యాద. ఈయనైతే ప్రతోడికీ జవాబు చెప్పుకోవాల. రేపేదన్నా అయితే పోలీసోళ్ళు ముందు నా జుట్టు పట్టుకుంటారు. ఏమనుకోబాక."

ఏమీ అనుకోలేదని చెప్పి వచ్చేశాను. అది నిజం కాదు.

గురజాల నుంచి మాచర్లకు చిన్న రైలుబండి ఎక్కాము. మా ఎదుట నేరేడుపండ్ల గంపతో ఒక ముసలమ్మ కూర్చున్నది. ఆమె తెస్ఫాయెను తేరిపార చూసి, ఏమీ అడక్కుండానే చేయి చాచి అతని జుట్టు పట్టి చూసింది.

"నూనె పెట్టటం లేదు బిడ్డా. మీయమ్మ ఉందా?"

ఉందని నేను చెప్పాను.

"ఉండి ఇంత దూరం పంపిచ్చిందా? గుండె గల మనిషి." అర్ధరూపాయికి దోసెడు పండ్లు ఇచ్చి, మళ్ళీ ఇంకో దోసెడు పోసింది. "ఆ దోసెడు నీకు. ఇది మీయమ్మకి. ఆమె లేదు గాబట్టి నువ్వే తిను."

నేను అనువదించాను. అతను పండ్లు తినడం ఆపి కిటికీ వైపు తిరిగాడు.

మాచర్ల

మాచర్లలో లాడ్జీలు గదులు ఇవ్వలేదు. పరదేశి బస చేస్తే పోలీసులకు కాగితం రాసి పంపాలని, ఆ బాధ తమకెందుకని, ఒకచోట మర్యాదగా, ఒకచోట మర్యాద లేకుండా చెప్పారు. ఐదు రూపాయల భోజనం చేసి రోడ్డు మీదికి వచ్చేసరికి ఒక కానిస్టేబుల్ మా కోసమే నిలబడి ఉన్నాడు. మా సంగతి మాకంటే ముందే ఊళ్ళోకి నడిచింది.

"ఏంది సంగతి?"

నేను చేతులు కట్టుకొని, తెస్ఫాయె గుంటూరులో పోలీసు కార్యాలయంలో విధివిధానంగా నమోదయి ఉన్నాడని, కేవలం విద్యావిషయకమైన పరిశీలన నిమిత్తం ఈ ప్రాంతానికి వచ్చాడని విన్నవించుకొన్నాను.

"ఏందయ్యా, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతన్నావ్? మీ నాయన ఏం చేస్తాడు?"

"క్వారీలో రాయి కొడతారండి."

"మరి రాయి కొట్టినట్టు చెప్పు."

"జొన్న చేను కోసం తిరగతన్నామండి. ఎవరూ ఇవ్వటం లేదు."

అతని మొహం కొంచెం మెత్తబడిందనిపించింది. కాని చెప్పిన మాట మెత్తగా లేదు. "చూడు తమ్ముడూ. గొడవల ఊళ్ళు ఇవి. కొత్త మొహం కనిపిస్తే నేను పైకి చెప్పాల. రేపు సాయంత్రం దాకా చెప్పకుండా ఉంటా. ఈలోపల ఈ తాలూకాలో పెద్దమనిషి ఎవరన్నా 'నావోడు' అని చెప్తే సరే. లేదంటే ఇద్దరూ బండెక్కి పోవాల. మళ్ళీ ఈ దరిదాపుల్లో కనపడబాకండి."

ఆ సాయంత్రం స్టేషన్ ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరచుకొన్నాము. నాన్న ఒకప్పుడు రాతిపనికి వెళ్ళిన ఇల్లు దుర్గిలో ఒకటి ఉందని, రేపు ఆ రైతును అడుగుదామని చెప్పాను. తెస్ఫాయె సంచిని తలకింద సర్దుకొంటూ, "రేపు వెళ్ళే మనిషి కూడా కాదంటే, నువ్వు బాధపడవద్దు" అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. కాదనిపించుకోవడానికి అప్పుడే సిద్ధపడినట్టుగా ఉన్నది.

దుర్గి

దుర్గిలో బస్సు దిగగానే ఉలిదెబ్బలు వినిపిస్తాయి. రోడ్డు పక్క పాకల్లో సగం తేలిన నందులూ, మొహం ఇంకా రాని దేవతలూ ఉంటారు. బొమ్మలు చెక్కే పని మా నాన్న పనికి దగ్గరి చుట్టం కనుక, అక్కడి శిల్పులు నన్ను పేరు పెట్టి పిలిచారు. మేము ఎవరి ఇంటికి పోతున్నామో విని ఒకాయన ఉలి ఆపాడు.

"పిచ్చయ్య గారింటికా? మంచోడే. కానీ జాగర్త అబ్బాయ్. వాళ్ళన్న పాత కక్షల్లో పోయాడు గదా. అప్పటి నుంచి ఈయన పరాయింట్లో మంచినీళ్ళు గూడా తాగడు. ఆ చచ్చిపోయినాయన కొడుకు సాంబయ్య, ఈయన్ని నీడలాగా అంటిపెట్టుకొని ఉంటాడు. ఆడు నవ్వడు. నువ్వు నవ్విద్దామని చూడబాక."

పిచ్చయ్య గారు అరవై దాటిన మనిషి. అరుగు మీద కూర్చొని తెస్ఫాయెను నేరుగా అడిగారు. నేను మధ్యలో ఉన్నానన్న సంగతి మరచినట్టుగా.

"మీ నాయన ఏం చేస్తాడు?"

"ఎడ్లతో దున్నుతాడు."

"సొంత ఎడ్లా?"

"ఉండేవి. కరువులో ఒకటి చచ్చిపోయింది. రెండోది అమ్మారు."

"జత పోయినాక రెండోదాన్ని ఉంచుకోని ఏం చేస్తారులే" అన్నారాయన, చాలా కాలం నుంచి తెలిసిన ఇంటి సంగతి మాట్లాడుతున్నట్టుగా. తరువాత పొలాల వైపు చేయి చూపించారు. "కొండవైపు ఎర్రచేను ఉంది. సగం రాళ్ళే. పత్తి రాదు. అరెకరం ఏసుకోమను. గొడ్లచావిడి పక్క గది ఖాళీగా ఉంది. పోలీసోళ్ళకి నేను కబురు చేస్తా. ఏరా సాంబయ్యా?"

స్తంభానికి ఆనుకొని నిలబడిన సాంబయ్య, "నీ ఇష్టం బాబాయ్" అన్నాడు. ఇష్టం లేదని ఆ గొంతులోనే ఉంది.

నేను అనువదించడం పూర్తి కాకముందే తెస్ఫాయె కళ్ళు తుడుచుకొన్నాడు.

మధ్యాహ్న భోజనాలు లోపలి సావట్లో వడ్డించారు. మోదుగ విస్తళ్ళు, వరి అన్నం, గోంగూర పచ్చడి, నాటుకోడి కూర. పిచ్చయ్య గారి పక్కన సాంబయ్య, వారికి ఎదురుగా చేయి చాస్తే అందేంత దగ్గరలో తెస్ఫాయె. నాకు గడప దగ్గర వేశారు. మా నాన్నకు ఆ ఇంట్లో అరుగు మీదనే పెట్టేవారు. కనుక గడప దాకా రావడం ఒక విధంగా నా చదువు సంపాదించిన దూరమే. తెస్ఫాయె మాత్రం నా విస్తరి వంకా, తన విస్తరి వంకా చూసి ఏదో అడగబోయి మానుకొన్నాడు.

నాలుగు ముద్దలు తిన్నాడు. తరువాత అతను తన విస్తట్లో అన్నమూ గోంగూరా శ్రద్ధగా కలిపి, పెద్ద ముద్ద చేసి, మోకాళ్ళ మీద లేచి, ఆ చేతిని పిచ్చయ్య గారి నోటి దగ్గరికి చాచాడు.

ఎంగిలి చేయి. సగం తిన్న విస్తట్లోని అన్నం. పరాయివాళ్ళ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి నోటికి.

సాంబయ్య ఎప్పుడు కదిలాడో నేను చూడలేదు. చూసేసరికి తెస్ఫాయె మణికట్టు అతని పిడికిట్లో ఉంది. వడ్డిస్తున్న పిచ్చయ్య గారి భార్య గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"ఏందిరా ఇది?" అన్నాడు సాంబయ్య. తెస్ఫాయెను కాదు, నన్ను. "ఒరేయ్ కోటిగా, లోపలికి రా. ఏం పెట్టబోతన్నాడు? ఎందుకు పెట్టబోతన్నాడు? అడుగు!"

పెద్దల కంటే ముందు విస్తరి ముందునుంచి లేవకూడదు. లేచాను. ఎంగిలి చేత్తోనే గడప దాటి వెళ్ళి తెస్ఫాయెను అడిగాను. అతని చేయి పట్టులో ఉన్నా, ముద్ద జారకుండా వేళ్ళు బిగించి పట్టుకొని ఉన్నాడు. మెల్లగా చెప్పాడు. నేను వాక్యం వెంట వాక్యం తెలుగులోకి మార్చాను.

"వారి దేశంలో ఒకే పళ్ళెంలో అందరూ తింటారటండి. మనసు నిండినప్పుడు తన చేత్తో ముద్ద చేసి ఎదుటివారి నోట్లో పెడతారట. అది గౌరవమటండి. మీరు పొలం ఇచ్చారు కనుక పెట్టాలనుకొన్నాడట."

"మన కాడ పెద్దోళ్ళు పిల్లోళ్ళకి పెడతారు. పిల్లోళ్ళు పెద్దోళ్ళకి ఎంగిలి పెట్టరు. చెప్పు" అన్నాడు సాంబయ్య.

చెప్పాను. తెస్ఫాయె మొహం తెల్లబోయింది. తాను ఏం చేశాడో అప్పుడే అతనికి తెలిసింది.

పిచ్చయ్య గారు విస్తట్లో చేయి ఆపారు. "తినకపోతే ఏమవుద్దంట?" అన్నారు.

ఆ ప్రశ్నను నేను అడగకుండా ఉంటే బాగుండునని నాకు అనిపించింది. క్షమించమన్నాడని చెప్పి, చేయి వెనక్కి తీయించి, ముగించవచ్చు. పొలం అప్పటికే వచ్చింది. కాని ఆయన అడిగింది నన్ను కాదు.

తెస్ఫాయె జవాబు ఇచ్చాడు. ఒక్క మాట విడవకుండా చెప్పాను. "ఏమీ కాదటండి. మీరు ఇచ్చిన పొలంలో జొన్న వేసుకొంటాడట. మీ మేలు మరచిపోడట. కాని తన చేతి ముద్ద తీసుకోని ఇంట్లో నిద్రపోకూడదని వాళ్ళ అమ్మ నేర్పిందటండి. గది వద్దటండి. చేనులోనే గుడిసె వేసుకొని, వేరుగా వండుకొని ఉంటాడట."

"మన ఇంట్లోనే కూర్చోని మనకే షరతా?" అన్నాడు సాంబయ్య.

"షరతు కాదండి. అతను..." అని నేను మొదలుపెట్టాను.

"నువ్వాగు." అని నన్ను ఆపి పిచ్చయ్య గారు సాంబయ్య వైపు తిరిగారు. "చెయ్యి వదలరా."

"బాబాయ్..."

"మీ నాయన పోయిన కాడి నుంచి నా కంచం కాపలా కాస్తన్నావు. కాదనను. ఈయన నాకు విషం పెట్టటానికి ఆ దేశం నుంచి రావాలంట్రా? పక్క బజారులో మనుషుల్లేరూ?"

సాంబయ్య వదిలాడు. మణికట్టు మీద వేళ్ళ గుర్తులు పడ్డాయి. తెస్ఫాయె చేయి వెనక్కి తీసుకోలేదు, ముందుకూ చాపలేదు. పిచ్చయ్య గారు ఆ ముద్దను చూశారు, గరిటెతో నిలబడిన భార్యను చూశారు. తరువాత నెమ్మదిగా తన కుడిచేయి చాచి, అరచేయి విప్పారు.

"నోట్లో కాదు. ఈడ పెట్టమను."

తెస్ఫాయె ముద్దను ఆ అరచేతిలో పెట్టాడు. రెండు చేతులతో పెట్టాడు. పిచ్చయ్య గారు ఒక్క క్షణం దానిని తూచినట్టుగా పట్టుకొని నోట్లో వేసుకొన్నారు. సావడి అంతా ఆయన దవడ వైపే చూస్తున్నది. నమిలారు. మింగారు.

"ముద్ద పెట్టటం సరే," అన్నారు. "ముక్క పెట్టడేందిరా? గోంగూరన్నం నాకు పెట్టి, కోడిముక్కలన్నీ ఆయన ఉంచుకున్నాడు."

ఆయన భార్య ముందుగా నవ్వింది. సాంబయ్య నవ్వలేదు. విస్తరి సగంలో మడిచి, చేయి కడుక్కోవడానికి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఒక ముద్దతో ఆపడం మంచిది కాదని, రెండోది కూడా పెట్టాలని తెస్ఫాయె నాతో రహస్యంగా అన్నాడు. ఆ ప్రయాణంలో నేను అనువదించని మాట అదొక్కటే.

ఎర్రచేను

సాయంత్రానికి మాచర్ల నుంచి కబురు వచ్చింది. ఇక మాకు ఇబ్బంది లేదని. ఇద్దరమూ గొడ్లచావిడి పక్క గదిలో పడుకొన్నాము. తెల్లవారి బస్సుకు ముందు చేను చూద్దామని వెళ్ళాము. పిచ్చయ్య గారు చెప్పింది తక్కువే. సగం కాదు, ముప్పాతిక రాళ్ళు. సాంబయ్య అప్పటికే ఎడ్లను తోలుకొని వచ్చి గుంటక కట్టి ఉన్నాడు.

అతను నన్ను పక్కకు పిలిచాడు. "ఒరేయ్ కోటిగా. నేను ఆయన పక్కన కూకోని తినను. ఆ సంగతి ముందే చెప్పు. మా బాబాయ్ తిన్నాడు, అది ఆయన లెక్క."

"చెప్తాను."

"చేను సంగతి వేరు. చేను మాది." కాసేపు కాలితో మట్టిని కదిపాడు. "వాళ్ళ దేశంలో జొన్న సాళ్ళకి ఎంత ఎడం ఇస్తారో అడుగు."

అడిగాను. తెస్ఫాయె మోచేతి నుంచి వేలికొనల దాకా చూపించాడు.

"మూరా!" అన్నాడు సాంబయ్య. "ఎవడబ్బ సొమ్మని మూరెడు ఎడం ఇస్తాం? రాళ్ళకి పోను మిగిలేదెంత?" అని కింద కూర్చొని, జానతో కొలిచి, కట్టెపుల్లతో మట్టిలో రెండు గీతలు గీశాడు.

తెస్ఫాయె కూడా కూర్చొని ఒక గీతను అరచేత్తో తుడిచి, దూరంగా మళ్ళీ గీశాడు. దాని పక్కన ఒక గుంట తవ్వి, మొక్క వేళ్ళు ఎటు పాకుతాయో చూపించడానికి చేతివేళ్ళు విప్పి మట్టిలోకి గుచ్చాడు. తన భాషలో ఏదో అన్నాడు.

"అయితే మాత్రం?" అన్నాడు సాంబయ్య తెలుగులో. "వాన పడితే గదా వేళ్ళు పాకేది. పడకపోతే?" తెస్ఫాయె గీసిన గీతను తుడిచి ముందుకు జరిపాడు. తెస్ఫాయె దానిని వెనక్కి జరిపాడు.

నేను అనువదించడానికి నోరు తెరిచాను. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. రోడ్డు మీద మాచర్ల బస్సు హారన్ వినిపిస్తే, సంచి తీసుకొని రాళ్ళ మధ్య దారి చూసుకొంటూ బయలుదేరాను.